ఇంచు పైపు ఇంచు కాదు: ఇంట్లో బరువులకు స్టాండు కట్టుకున్న డైరీ

మే 25, ఆదివారం

ఈ ఉదయం హాల్లో మూడో టైలు పగిలింది. గోడకు ఆనించి నిలబెట్టిన 10 కిలోల ప్లేటు ఎవరూ ముట్టుకోకుండానే కదిలింది. టీపాయి చుట్టూ సగం ప్రదక్షిణ చేసి బోర్లా పడింది. రబ్బరు తొడుగు ఉంది కదా అని ఇన్నాళ్ళూ ధీమాగా ఉన్నాను. కింద సిమెంటు సరిగా కూరుకోని టైలు తడితే డప్పులా మోగుతుంది. అలాంటి దాని మీద పడితే రబ్బరు ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

నాన్న పడక్కుర్చీలోంచి పేపరు దించి చూశారు. "పోయిన నెల నా బొటనవేలు, ఈ నెల టైలు" అన్నారు. మా ఆవిడ ఏమీ అనలేదు. నాకు భయం వేసింది అందుకే.

ఈ ఇనుము మా ఇంటికి ఒక్కసారిగా రాలేదు. 2020లో జిమ్ములు మూతపడినప్పుడు 5 కిలోల డంబెల్స్ జతతో మొదలైంది. ఆగస్టులో జిమ్ములు తెరిచారు గానీ నేను మళ్ళీ వెళ్ళలేదు. ఇంట్లో చెమట పట్టడానికి అలవాటు పడ్డాను. జీతం పెరిగినప్పుడల్లా ఒక జత చేరుతూ వచ్చింది. ఈ రోజు అన్నిటినీ హాలు మధ్యలో పేర్చి జాబితా రాశాను. ప్లేట్లు: 20 కిలోలవి రెండు, 10వి నాలుగు, 5వి నాలుగు, రెండున్నరవి నాలుగు, మొత్తం 110 కిలోలు. డంబెల్స్: 5, 7.5, 10, 12.5 కిలోల జతలు, 70 కిలోలు. 16 కిలోల కెటిల్‌బెల్, అంటే పిడి ఉన్న ఇనుప గుండు, ఒకటి. అన్నీ కలిపి 196. ఇవి కాక కడ్డీలు రెండు, ఒకటి తిన్ననిది, ఒకటి వంకరది.

రెడీమేడ్ స్టాండు కొనొచ్చు కదా అంటే, నేను చూసినవన్నీ 50 మిల్లీమీటర్ల రంధ్రం ఉన్న ఒలింపిక్ ప్లేట్ల కోసం చేసినవి. నావి 30 మిల్లీమీటర్ల రంధ్రంవి. ఆ స్టాండు కొమ్ములకు నా ప్లేట్లు ఎక్కవు. సొంతంగా చేసుకోవడానికి ఈ సాకు చాలు. నిజానికి సాకు దొరికినందుకు సంతోషించాను.

మధ్యాహ్నం స్కూటరు మీద నాలుగు పెద్ద ప్లేట్లు వేసుకుని, సందు చివర పాత ఇనుము కొట్టులో కాటా మీద పెట్టించాను. నేను ఆడిట్ ఉద్యోగిని. ఎదుటివాళ్ళు రాసిన అంకెను నమ్మకపోవడానికే నాకు జీతం ఇస్తున్నారు. అయినా ఐదేళ్ళుగా ప్లేటు మీద పోత పోసిన అంకెను ఒక్కసారి కూడా తనిఖీ చేయలేదు. 20 అని ఉన్నవాటిలో ఒకటి 19.35 తూగింది, రెండోది 20.60. ఆ రెంటినీ కడ్డీకి చెరో కొసన తగిలించి, నా ఎడమ భుజం బలహీనంగా ఉందని ఇన్నాళ్ళూ అనుకున్నాను. పదులు రెండూ మాత్రం నూరు గ్రాముల తేడాలోనే ఉన్నాయి.

కాటా దగ్గర కుర్రాడు "ఇవి అమ్మేస్తారా సార్?" అని అడిగాడు. ఇంటికి వచ్చి ఆ సంగతి చెబితే మా ఆవిడ మొదటిసారి నవ్వింది.

మే 28, బుధవారం రాత్రి

పాత లెడ్జరు వెనక పేజీల్లో బొమ్మ గీస్తున్నాను. మూడు పేజీలు చింపాను.

మొదట మెట్లలా అరలున్న చెక్క స్టాండు అనుకున్నాను. చెక్క అర మీద ప్లేట్లను పడుకోబెడితే అడుగున ఉన్నది కావాలంటే పైవన్నీ తీయాలి. నిలబెట్టడానికి గాడులు చేస్తే ఒక్కో మందానికి ఒక్కో గాడి కావాలి. తగిలించడమే మేలు. ఇద్దరు మనుషుల్లా రెండు నిలువు పైపులు, వాటి వెలుపలి వైపు చెరో మూడు చేతులు. ప్లేట్లు ఆ చేతులకు వేలాడతాయి. రెండు నిలువుల మధ్య డంబెల్స్‌కు పట్టాలు. ఆ చేతుల్ని ఏమనాలో తోచక బొమ్మలో "పిన్ను" అని రాశాను. నాన్న కళ్ళజోడు పెట్టుకుని చూసి, "చిలక్కొయ్యలు కదూ ఇవి!" అన్నారు. ఆ మాటే ఖాయం చేశాను.

ఎత్తులు వస్తువుల్ని బట్టి నిర్ణయించాను. 20 కిలోల ప్లేటు వ్యాసం 40 సెంటీమీటర్లు, 10 కిలోలది 30, 5 కిలోలది 23. అన్నిటికన్నా బరువైనది కిందనే ఉండాలి. పాదం ఎత్తు, కాస్త ఖాళీ కలిపి 6 సెంటీమీటర్లు, పైన ప్లేటులో సగం 20. కాబట్టి కింది చిలక్కొయ్య నేల నుంచి 26 సెంటీమీటర్ల దగ్గర. దాని పైన 20, 15, మధ్యలో వేళ్ళు దూరడానికి 5 కలిపితే రెండోది 66 దగ్గర. ఆ పైన 15, 11.5, వేళ్ళకు 4.5. మూడోది 97 దగ్గర. పైపు మొత్తం ఎత్తు 105. ఒక్కో వైపు ఒక ఇరవై, రెండు పదులు, రెండు ఐదులు, రెండు రెండున్నరలు, అంటే 55 కిలోలు.

డంబెల్స్‌ను ఎక్కడ పెట్టాలన్నది ఎక్కువ సేపు ఆలోచించాను. బరువైనవి కింద అనే సూత్రం స్టాండుకు మంచిది, నడుముకు కాదు. 20 కిలోల ప్లేటును వారానికి రెండుసార్లు ముట్టుకుంటాను. 12.5 డంబెల్స్‌ను రోజూ నాలుగైదు సార్లు ఎత్తి దించుతాను. వాటి కోసం ప్రతిసారీ నేల దాకా వంగడమే ఇన్నాళ్ళూ చేసిన తప్పు. అందుకని వాటికి తుంటి ఎత్తున, 75 సెంటీమీటర్ల దగ్గర చోటిచ్చాను. ఆరు పలకల తలలున్న డంబెల్స్ ఇవి. ఎనిమిదీ పక్కపక్కన పెడితే 96 సెంటీమీటర్లు వచ్చింది. నిలువుల మధ్య దూరం 110 పెట్టుకుంటే సరిపోతుంది. రెండు పట్టాల మధ్య 15 సెంటీమీటర్లు. 5 కిలోల డంబెల్ పొడవు 19, పిడి 12. రెండు తలలూ రెండు పట్టాల మీదా కూర్చోవాలంటే ఈ 12కూ 19కీ మధ్యలోనే కొలత ఉండాలి. ముందు పట్టా వెనకదాని కంటే 4 సెంటీమీటర్లు దిగువన ఉంటే 15 డిగ్రీల వాలు వస్తుంది. పిడి చేతికి ఎదురొస్తుంది.

రాత్రి భోజనాల దగ్గర అసలు ప్రశ్న వచ్చింది. "ఇంత బరువు ఒక్కచోట పెడితే శ్లాబు తట్టుకుంటుందా?" మేము పై అంతస్తులో ఉంటాం. మా ఆవిడ అడిగింది న్యాయమైన ప్రశ్న.

నివాస గదుల శ్లాబుకు భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 875 ప్రకారం చదరపు మీటరుకు 2 కిలోన్యూటన్ల వాడుక భారం లెక్కేస్తారు, అంటే దాదాపు 200 కిలోలు. స్టాండు 20 కిలోలనుకుంటే మొత్తం 216. అది ఆక్రమించే చోటు 1.42 మీటర్ల వెడల్పు, 0.6 లోతు, 0.85 చదరపు మీటరు. భాగిస్తే చదరపు మీటరుకు 254. పరిమితి దాటింది! కాసేపు గుటక పడలేదు. కానీ ఆ 200 అన్నది గది అంతటికీ పరిచిన లెక్క. మా గది పది చదరపు మీటర్లు, అంటే దానికి 2,000 కిలోలు. ఒక మూల 216 ఉంటే గది సగటు మారేది కొంచెమే. నిండు బట్టల బీరువా కూడా ఇంతకు దగ్గరగానే తూగుతుంది. దాన్ని చూసి ఎవరూ భయపడరు. అయినా నాన్న లేచి, చేతికర్రతో గోడ వెంట నేల మీద ఒక గీత చూపించారు. "దూలం ఇక్కడుంది. శ్లాబు పోసిన రోజు పగలంతా నేను ఇక్కడే నిలబడ్డాను. దీని మీద పెట్టు." ఆ చోటు ఖాయమైంది. బరువుల్ని పైనుంచి విసిరితే పడే దెబ్బ వేరే సంగతి. ఈ లెక్క దానికి చెల్లదు. నేను విసరను.

జూన్ 1, ఆదివారం

ఆటోనగర్. విజయవాడలో ఇనుముతో పని ఉన్నవాడికి వేరే దారి లేదు. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. తొమ్మిది గంటలకే కొట్టు ముందున్న పైపులు ముట్టుకుంటే చురుక్కుమన్నాయి.

నిలువులకూ పాదాలకూ 40 మిల్లీమీటర్ల చదరపు పైపు. రెండు నిలువులు 2.1 మీటర్లు, రెండు పాదాలు 1.2, రెండు అడ్డాలు 2.2. మొత్తం 5.5 మీటర్లు. పైపు 6 మీటర్ల పొడవున వస్తుంది, ఒక్కటి చాలు. మందం రెండు మిల్లీమీటర్లది అడిగాను. ఆరు మీటర్ల రెండు మిల్లీమీటర్ల పైపు 14.3 కిలోలు తూగాలని రాత్రే లెక్క వేసి పెట్టుకున్నాను. కాటా మీద 12.6 వచ్చింది. మందం కొలిచే కాలిపర్స్ పెడితే 1.75. కొట్టువాళ్ళు దాచిందేమీ లేదు. "రెండు అంటే ఇదే సార్, తూకం ప్రకారమే కదా మీరు ఇచ్చేది" అన్నారు. నిజమే, లేని ఇనుముకు డబ్బు తీసుకోలేదు. నా భారానికి 1.75 చాలు. అయితే వెల్డింగులో దీనికి చిల్లులు పడే అవకాశం పెరుగుతుంది. ఈ మాట గుర్తుపెట్టుకోవాలి.

డంబెల్ పట్టాలకు 35 మిల్లీమీటర్ల ఎల్ యాంగిల్, 5 మిల్లీమీటర్ల మందం. డెబ్బై కిలోలు పరిచినా 110 సెంటీమీటర్ల పొడవున అది వంగేది లెక్క ప్రకారం మిల్లీమీటరు లోపే.

ఇక చిలక్కొయ్యలు. ప్లేటు రంధ్రం 30 మిల్లీమీటర్లు. ఇంచు అంటే 25.4. ఇంచు పైపు చక్కగా దూరుతుంది, నాలుగున్నర మిల్లీమీటర్ల వదులు ఉంటుంది. నాలుగు అడుగుల ఇంచు పైపు కోయించుకున్నాను. కొలవలేదు. ఇంచును ఎవరైనా కొలుస్తారా?

సాయంత్రం ఇంట్లో ప్లేటు తీసి పైపుకు పెట్టాను. పోలేదు. తిప్పి పెట్టాను. మా అమ్మాయి వచ్చి "నాన్నా, రంధ్రం చిన్నది" అంది. కాలిపర్స్ పెడితే పైపు వెలుపలి వ్యాసం 33.7.

పక్క వీధి వెల్డింగ్ మేస్త్రీకి ఫోను చేశాను. ఆయన నవ్వు ఆపుకుంటూ చెప్పారు: "పైపులకు ఇంచు అనేది పేరు సార్, కొలత కాదు. పూర్వం లోపలి బోరు ఇంచు ఉండేదట. గోడ పలచబడ్డా మరలూ జాయింట్లూ మారకూడదు కదా, బయటి సైజు అలాగే ఉంచేశారు. మీకు కావలసింది ముప్పావు పైపు."

ముప్పావు ఇంచు పైపు వెలుపలి వ్యాసం 26.9 మిల్లీమీటర్లు. పట్టికలో చూశాను, సరిగ్గా అంతే. ఇంచు పైపు లోపల కూడా ఇంచు లేదు, 27 పైచిలుకు ఉంది. లోపలా కాదు, బయటా కాదు. మూడేళ్ళ క్రితం ఒక పంచాయతీలో నీళ్ళ పైపుల బిల్లు ఇదే కొలతల మీద ఆపి, వివరణ ఇమ్మని రాశాను. ఆ కార్యదర్శి పంపిన జవాబును సాకు అనుకున్నాను. ఆయనకు నేనొక క్షమాపణ బాకీ.

జూన్ 2, సోమవారం

ఆఫీసు నుంచి వస్తూ ముప్పావు పైపు తెచ్చాను. కోసిన ఇంచు పైపును కొట్టువాళ్ళు వాపసు తీసుకోలేదు. నాలుగు అడుగుల తప్పు బాల్కనీలో మూలన నిలబడింది.

జూన్ 5, గురువారం

సెలవు పెట్టి మేడ మీద కోత పని. గ్రైండరుకు కోసే చక్రం వేసి ముక్కలన్నీ కోశాను. చెవులకు దూది, కళ్ళకు అద్దాలు, ఒంటికి నూలు చొక్కా. నిప్పురవ్వకు పాలిస్టరు బట్ట కరిగి చర్మానికి అంటుకుంటుందని మేస్త్రీ ముందే హెచ్చరించారు.

ఈ మొత్తం పనిలో నాకు నచ్చిన భాగం రంధ్రాలే. చిలక్కొయ్యను పైపు గోడకు పైపైన అతికిస్తే బరువంతా 1.75 మిల్లీమీటర్ల రేకు మీద పడుతుంది. కొన్నాళ్ళకు ఆ రేకు గుంటపడుతుంది, వెల్డింగు అంచున చీలుతుంది. అందుకని నిలువుకు ఇటూ అటూ రంధ్రం వేసి, కొయ్యను ఈ గోడలోంచి ఆ గోడలోకి దూర్చి, రెండు చోట్లా వెల్డు చేయాలి. రెండు పదులు, అంటే 20 కిలోలు 8 సెంటీమీటర్ల దూరాన వేలాడితే, 4 సెంటీమీటర్ల ఎడం ఉన్న రెండు గోడల్లో వెలుపలిదాని మీద దాదాపు 60, లోపలిదాని మీద 40 కిలోల తోపు పడుతుంది. ఒకటి కిందికి నొక్కితే ఒకటి పైకి నెడుతుంది. పైపు దాన్ని పట్టించుకోదు.

ఇందులోనే ఇంకో ఉపాయం ఉంది. లోపలి రంధ్రాన్ని వెలుపలి రంధ్రం కంటే 3 మిల్లీమీటర్లు కిందికి వేస్తే కొయ్య కొస నాలుగు డిగ్రీలు పైకి లేస్తుంది. ప్లేటు దానంతట అది జారి రాదు. డ్రిల్లుకు 28 మిల్లీమీటర్ల హోల్ సా, అంటే గుండ్రటి రంపం, పెట్టి, మధ్యమధ్య నూనె చుక్కలు వేస్తూ నెమ్మదిగా తిప్పాను. పన్నెండు రంధ్రాలకు రెండున్నర గంటలు పట్టింది. ఎండ గురించి రాయను.

రెండో నిలువు పూర్తి కాగానే గుండె ఆగినంత పనైంది. రెండూ అచ్చు ఒకేలా చేశాను. ఎడమది, కుడిది అద్దంలో బొమ్మల్లా ఎదురెదురుగా ఉండాలి కదా! తల పట్టుకుని కూర్చున్నాను. మంచినీళ్ళు తెచ్చిన అమ్మాయి ఒక పైపును ఎత్తి, దాని చుట్టూ దాన్నే సగం తిప్పి నిలబెట్టింది. వెలుపలి రంధ్రం వెలుపలికే వచ్చింది. తొమ్మిదో తరగతి చదువుతోంది.

జూన్ 8, ఆదివారం

మేస్త్రీ ఉదయం ఏడింటికే వచ్చారు. ఒప్పందం ఏమిటంటే, కష్టమైన చోట్ల ఆయన చేస్తారు, కనబడని చోట్ల నేను నేర్చుకుంటాను. అద్దెకు తెచ్చిన ఇన్వర్టరు మెషీన్ను వాషింగ్ మెషీన్ కోసం పెట్టించిన 16 ఆంపియర్ల సాకెట్‌కు తగిలించాం.

రాగానే ఆయన ముప్పావు పైపును గోరుతో గీకి చూశారు. "ఇది జి.ఐ. పైపు సార్, పైన జింకు పూత ఉంది. వెల్డింగు వేసే మేరకు పూత గ్రైండరుతో తీసేయండి" అన్నారు. నేను పొదుపుగా గీకుతుంటే మళ్ళీ తీయించారు. జింకు కాలితే తెల్లటి పొగ వస్తుంది. ఆ పొగ పీల్చినవాడికి ఆ రాత్రికి చలిజ్వరం పట్టుకుంటుంది, తెల్లారి తగ్గిపోతుంది. పని నేర్చుకునే రోజుల్లో ఆయన రెండుసార్లు పడ్డారట. "మలేరియా అనుకుని మాత్రలు మింగాను" అన్నారు. పూత తీసినా గాలికి వీపు పెట్టి కూర్చోమన్నారు.

రెండున్నర మిల్లీమీటర్ల రాడ్లు. ఆయన 70 ఆంపియర్లు పెట్టి, కొంచెం కొంచెం ఆపుతూ, వరుస కుట్లలా వేసుకుంటూ పోయారు. నా వంతు వచ్చినప్పుడు ధైర్యం చేసి 90కి పెంచాను. మూడు సెకన్లలో పాదం పైపుకు బఠాణీ గింజంత చిల్లు పడింది. 1.75 అని గుర్తుపెట్టుకోవాలని వారం క్రితం నా చేత్తోనే రాసుకున్నాను. మేస్త్రీ ఆ చిల్లును చుట్టూ చుక్కలు పెట్టి పూడ్చారు. పైన గట్టిపడిన చిట్టేన్ని సుత్తితో కొడితే గాజు పెంకులా ఊడి పడింది. ఆ మచ్చ మాత్రం ఇప్పటికీ పాదం వెనక వైపు ఉంది.

అన్నిటినీ ముందు చుక్కలతో పట్టించి, తర్వాత ఒక మూల నుంచి ఎదురు మూలకు మారుతూ పూర్తి వెల్డింగు వేశాం. అయినా ఇనుము లాగింది. చుక్కలు పెట్టినప్పుడు రెండు కర్ణాలూ 148.6 సెంటీమీటర్లు. వెల్డింగు అయ్యాక ఒకటి 148.2, ఒకటి 149.1. తొమ్మిది మిల్లీమీటర్ల తేడా. కంటికి కనబడదు. నాకు కనబడింది.

మేస్త్రీ కంగారు పడలేదు. పొడుగ్గా ఉన్న కర్ణానికి రెండు కొసలా కొబ్బరి తాడు కట్టి, మధ్యలో కడ్డీ దూర్చి మెలిపెట్టడం మొదలుపెట్టారు. మంచం నులక బిగించినట్టే. తాడు కిర్రుమంది. 148.4 దాకా లాగి ఆపారు. వదిలితే కొంత వెనక్కి వస్తుంది కాబట్టి కావలసిన దానికంటే ఎక్కువ లాగాలి. ఆ బిగువు మీదే అడ్డాలు కలిసే మూలల్లో ఇంకో వరుస వెల్డింగు వేసి, చల్లారాక తాడు విప్పారు. రెండు కర్ణాలకూ మిల్లీమీటరు తేడా మిగిలింది. కొలత టేపు కొసన ఉండే కొక్కెం మందం కూడా అంతే ఉంటుందని సరిపెట్టుకున్నాను.

నాన్న గొడుగు వేసుకుని మేడ మీదికి వచ్చి చూస్తూ కూర్చున్నారు. ఆయనది విజయనగరం వైపు. నెల్లిమర్ల దగ్గర కొండవెలగాడ అనే ఊరు ఉంది, బరువులెత్తే ఊరని పేరు. ఇంటింటా కాకపోయినా వీధికొకరు దొరుకుతారంటారు నాన్న. ఆ పక్క జిల్లా ఆడపిల్లే, ఊసవానిపేట కరణం మల్లీశ్వరి, 2000లో సిడ్నీలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చింది. "మీ ఇంట్లో ఉన్నదంతా కలిపినా ఆ పిల్ల లెక్కకు చాలదు" అన్నారు మేస్త్రీతో, నన్ను చూస్తూ. 196. చాలదు.

సాయంత్రం ఐదింటికి ఉత్తరాన మబ్బు పట్టింది. మృగశిర మొదటి రోజే వాన. రంగు వేయని ఇనుమును మేడ మీద వదిలేసి మేము కింద చేపల పులుసు తింటున్నాం.

జూన్ 9, సోమవారం

తుప్పు. ఒక్క రాత్రికి కాషాయం కట్టినట్టు మారిపోయింది.

జూన్ 12, గురువారం

ఉప్పుకాగితం, వైరు బ్రష్షు, మూడు సాయంత్రాలు. కాషాయం పైపైదే, లోపలికి దిగలేదు. థిన్నరుతో తుడిచి, తడి ఆరగానే ఆలస్యం చేయకుండా తుప్పు పట్టకుండా కాచే రెడాక్సైడ్ పూత వేశాను. మర్నాడు దాని మీద బూడిద రంగు ఎనామెల్ రెండు పూతలు. చిలక్కొయ్యలకు రంగు వేయలేదు. ప్లేటు ఎక్కించి దించిన ప్రతిసారీ రంగు గీసుకుపోయి పొట్టు రాలుతుంది. వాటికి మిగిలిన జింకు పూతే రక్ష. వెల్డింగు దగ్గర గీకిన మేర మాత్రం రెడాక్సైడ్ పట్టించాను. ముసురు వల్ల రంగు ఆరడానికి డబ్బా మీద రాసిన దానికి రెండింతల సమయం పట్టింది. డబ్బా మీది అంకెను మాత్రం నేను మొదటి నుంచీ నమ్మలేదు.

జూన్ 15, ఆదివారం

కిందికి దించి, నాన్న చూపించిన దూలం మీద నిలబెట్టాం. స్టాండు ఊగింది. ఇంకేముంది, వెల్డింగు వంకర పోయిందని నిశ్చయించుకుని, కర్ణాలు మళ్ళీ కొలిచాను. సరిగ్గానే ఉన్నాయి. రసమట్టం నేల మీద పెట్టాను. తప్పు నేలది. కడిగిన నీళ్ళు స్నానాల గది వైపు పోవడానికి టైల్స్ వాలుగా వేస్తారు కదా. అరవై సెంటీమీటర్ల పాదానికి ఒక కొసన 4 మిల్లీమీటర్ల సందు. పాత స్కూటరు టైరు ట్యూబు మడతలు కోసి పాదాల కింద పెట్టాను. ఊగడం ఆగింది. పాదం జారదు, టైలు గీసుకుపోదు.

రెండు పాదాల మధ్య అడుగున తాతగారి మంచం పట్టె ఒకటి అడ్డంగా పరిచాను. టేకు. కెటిల్‌బెల్ దాని మీద కూర్చుంది.

తర్వాత పరీక్ష. ఒక వైపు 55 కిలోలూ ఎక్కించి రెండో వైపు ఖాళీగా ఉంచితే పక్కకు పడుతుందా? ప్లేట్ల బరువు పాదానికి సుమారు 8 సెంటీమీటర్లు వెలుపల వేలాడుతోంది: 55 ఇంటు 8, 440. స్టాండు సొంత బరువు 21 కిలోలు, 55 సెంటీమీటర్ల లోపల దాన్ని పట్టి ఉంచుతుంది: 1,155. పడదు. ఎక్కించి చూశాం, పడలేదు. ఇంతలో అమ్మాయి పై కొయ్యను పట్టుకుని వేలాడబోయింది. ఆపి లెక్క వేశాను. 40 కిలోలు ఇంటు 16, 640. 440తో కలిపితే 1,080. పట్టి ఉంచేది 1,155. డంబెల్స్ పట్టాల మీద ఉంటే ఫర్వాలేదు. అవి నా చేతుల్లో ఉన్నప్పుడు, అదే వైపు ప్లేట్లు నిండుగా ఉన్నప్పుడు ఎవరైనా ఊగితే, ఇనుమంతా ఎవరి మీద పడాలన్నది 75 అనే అంకె మీద ఆధారపడుతుంది. ఆ అంకె నాకు నచ్చలేదు. గోడకు 8 మిల్లీమీటర్ల యాంకర్ బోల్టులు రెండు దించి, పై అడ్డాన్ని క్లాంపుతో బిగించాను. ఇంట్లో పిల్లలున్నవాళ్ళు ఈ పని మొదటి రోజే చేయాలి. నాది వెనక్కి కాదు, పక్కకు వాలే స్టాండు కాబట్టి రెండు కొసలా చెరో బోల్టు ఉండేలా చూసుకున్నాను.

ఖర్చు చూస్తే ఇనుము, రాడ్లు, చక్రాలు, రంగు, మెషీను అద్దె, మేస్త్రీ రోజు కూలి కలిపి 4,260 రూపాయలు. పగిలిన మూడు టైల్స్ ఇందులో లేవు. మా ఆవిడ లెక్కలో ఉన్నాయి.

జూన్ 22, ఆదివారం

వారం వాడాక రెండు మార్పులు చేశాను. డంబెల్ పట్టాల మీద సైకిలు ట్యూబు ముక్కలు అతికించాను, ఇనుము మీద రబ్బరు తల పడినప్పుడు వచ్చే చప్పుడుకు కింది వాటా వాళ్ళు పైకి వచ్చి చూశారు. రెండోది, తెల్ల రంగుతో ప్లేట్ల వెనక కాటా మీద తూగిన అసలు బరువు రాశాను. 19.35 ఎడమ, 20.60 కుడి. కడ్డీ మీద ఆ తేడా సరిచేయడానికి ఒకటింపావు కిలో చిల్లర ప్లేటు వెతకాలి. దాన్ని కూడా తూచి కొంటాను.

పై కుడి చిలక్కొయ్య మీద నాన్న తువ్వాలు ఆరేస్తున్నారు. చెప్పి చూశాను. "చిలక్కొయ్య ఉన్నదెందుకు మరి" అన్నారు.

కడ్డీలు రెండూ ఇంకా తలుపు వెనకే ఉన్నాయి. ఈ సాయంత్రం వాటికి ఏదైనా చేద్దామని బాల్కనీలోకి వెళ్ళాను. మూలన ఆ నాలుగు అడుగుల ఇంచు పైపు. కాలిపర్స్ తెచ్చి కడ్డీ కొలిచాను: 25.2. పైపు లోపల మూడు చోట్ల కొలిచాను: 27.3, 27.3, 27.2. పాతిక సెంటీమీటర్ల ముక్కలు రెండు కోసి, అడుగున రేకు మూత పెట్టి, పాదం వెనక నిలువుగా వెల్డు చేయించాలని మేస్త్రీకి ఫోను చేశాను. "అది ఇంచు పైపు కదా సార్, కడ్డీ దూరుతుందా?" అన్నారు. పైపును గోడకు ఆనించి, కడ్డీ కొస దాని నోట్లో పెట్టి వదిలాను. లోపల జరజరా జారి, కింద నేలకు తగిలిన చప్పుడు ఫోనులో ఆయనకూ వినబడింది. నాలుగో టైలు పగల్లేదు, వంగి చూశాను.